నేను కట్టిన గది, అన్నయ్య చెప్పిన సాక్ష్యం

మెట్టుగూడలో మా ఇంటి పెరట్లో ఒక చెక్క గది ఉంది. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. దాన్ని నేను కట్టాను. ఇంత సూటిగా ముందే ఎందుకు రాస్తున్నానంటే, మా సంఘంలో ఎవరిని అడిగినా ఇంకో కథ చెబుతారు. పాస్టరుగారి దగ్గర్నుంచి చర్చి గేటు దగ్గర బళ్ళు సర్దించే ఆయన దాకా, అందరి లెక్కలో అది మా అన్నయ్య నాకు కట్టించి ఇచ్చిన గది.

నేను పెళ్ళి గౌన్లు కుడతాను. ముప్పై ఏళ్ళుగా అదే పని. తెల్ల చీరలకు జాకెట్లు, గౌన్లు, తల మీంచి జారే వెయిళ్ళు, పూలు పట్టుకుని ముందు నడిచే చిన్నపిల్లల ఫ్రాకులు. నాకు పెళ్ళి కాలేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని జనం అయ్యో పాపం అంటారు. మందుల షాపువాణ్ణి చూసి, నీకే జబ్బూ లేదా పాపం అని ఎవరూ జాలిపడరు కదా. నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళకి ఆ జాలి పుట్టుకొస్తుంది.

నాన్న రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయాక ఇల్లు అన్నయ్య పేరు మీదికి మారింది. నా వాటా వదులుకుంటూ సంతకం పెట్టింది నేనే. "నువ్వెక్కడికి పోతావే, ఎప్పటికీ ఇక్కడేగా ఉండేది" అన్నాడు అన్నయ్య. నిజమే కదా అనుకున్నాను. అప్పటికి నా తెలివి అంతే.

నా మెషిన్ ముందు గదిలో ఉండేది. అన్నయ్య కొడుక్కి పెళ్ళయి కోడలు వచ్చాక ఆ గది వాళ్ళకి ఇవ్వాల్సి వచ్చింది. అందులో నాకు కోపం లేదు, ఆ అమ్మాయి గౌను కూడా నేనే కుట్టాను. మెషిన్ వరండాలోకి మారింది. అక్కడ ఆటోల పొగ, రోడ్డు దుమ్ము, వచ్చిన ప్రతివాళ్ళూ చేయి ఆనించే గోడ. తెల్ల బట్ట మీద పనిచేసేవాళ్ళకి దుమ్మంటే ఏమిటో ఇంకొకరికి చెప్పినా అర్థం కాదు. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం జల్లు వాలుగా కొట్టింది. హ్యాంగరుకి వేలాడుతున్న గౌను అంచు జానెడు మేర బురదనీళ్ళు పీల్చుకుంది. పెళ్ళి ఇంక నాలుగు రోజులు. అంచంతా విప్పి, కొత్త గుడ్డ వేసి, మళ్ళీ పూసలు కుట్టి ఇచ్చాను. ఆ పెళ్ళికూతురికి ఇప్పటికీ తెలీదు.

ఆ మర్నాడు పొద్దున అన్నయ్యతో అన్నాను, పెరట్లో ఒక గది వేసుకుంటానని. పేపరు దించకుండానే అన్నాడు.

"వేసుకో. ఎవరొద్దన్నారు? నా నెత్తిన మాత్రం పెట్టకు."

ఈ మూడు ముక్కలూ పొల్లు పోకుండా గుర్తుపెట్టుకున్నాను. ఇటుకల గది కట్టే స్తోమత నాకు లేదు. అందుకని మా వడ్రంగిని పిలిచాను. ఆయనకి అరవై దాటాయి, ఉండేది బొల్లారంలో. మా ఇంటి తలుపులన్నీ నాన్న ఉన్నప్పటి నుంచీ ఆయన చేతిలోనివే. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అంటాడు. తన ఇంటి దగ్గర ఒక గోడౌన్‌లో పాత ప్యాలెట్లు కుప్పగా పడున్నాయని చెప్పి నన్ను తీసుకెళ్ళాడు. ప్యాలెట్ అంటే సరుకు నేలకి తగలకుండా కింద వేసే చెక్క చట్రం. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ దాని మీదే ఊళ్ళోకి వస్తాయి. సరుకు దిగాక దాని వంక ఎవరూ చూడరు.

ఆయన ఒక్కొక్క ప్యాలెట్టూ తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అక్కా, గిది వద్దు. పురుగుమందు వాసన కొడుతది. లోపట కూసుంటే నీకే తక్లీఫ్ అయితది."

"అది?"

"గిది మంచి కట్టె. జెర మురికుంది, గంతే. కడిగితే పోతది."

అలా ఏరుకుంటూ ట్రాలీ ఆటోలో మూడుసార్లు తెచ్చాం. సైనిక్‌పురిలో ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే అక్కడ రెండు టేకు కిటికీలు, ఒక తలుపు దొరికాయి. తలుపు చెక్క మీద ఎవరో పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిల్ గీతలు ఉన్నాయి. అవి చెరపడానికి నాకు చేతులు రాలేదు, ఉంచేశాను. పైకప్పుకి రేకులు ఒక ఫంక్షన్ హాలు పార్కింగు నుంచి వచ్చాయి. రేకుల కింద ఎండ దిగకుండా పాత ఫ్లెక్సీలు పరిచాం, ఏ నాయకుడి పుట్టినరోజువో. మొహం పైకి పెట్టమన్నాను. పొద్దస్తమానం ఆయన నవ్వు కింద కూర్చుని పనిచేయడం నావల్ల కాదు. నేలకి పక్కింటివాళ్ళు టైల్సు వేసుకుంటూ పీకి పారేసిన షాబాద్ బండలు. విరిగినవాటిని విరిగినట్టే అతికించాం.

వడ్రంగి కట్టాడు, ఇందులో నువ్వు చేసిందేమిటి అంటారేమో. చట్రం నిలబెట్టింది, రేకులు బిగించింది ఆయన. మిగిలిందంతా నేను. ప్యాలెట్లకి కొట్టే మేకులు మామూలువి కావు, మెలితిరిగి ఉంటాయి, పీకితే రావు. చిన్న ఇనుపకడ్డీ సందులో పెట్టి, పలక పగలకుండా, ఒక్కొక్కటే లేపాలి. పీకిన మేకుల్ని రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసి మళ్ళీ వాడాం. నా కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఆ వేలితోనే సూది పట్టుకోవాలి. కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది, మళ్ళీ కడ్డీ పట్టుకునేదాన్ని.

అన్నిటికంటే పెద్ద పని చెక్కకి లేచే పేళ్ళు తీయడం. ప్యాలెట్ చెక్క గరుకు. గోడకి ఎక్కడ ఒక్క పేడు లేచి ఉన్నా అటుగా వెళ్ళిన నెట్టు గుడ్డ చిరుగుతుంది, శాటిన్‌లో పోగు లేస్తుంది. వడ్రంగి చిత్రిక పట్టి ఇచ్చాక నేను గరుకు కాగితంతో రుద్దేదాన్ని. రుద్దాక ఒక శాటిన్ ముక్క అరచేతికి చుట్టుకుని పలకంతా తడిమేదాన్ని. గుడ్డ పట్టుకున్న చోట మళ్ళీ రుద్దడం, మళ్ళీ తడమడం. ఒక్క గోడకి ఆరు రోజులు పట్టింది. వడ్రంగి బీడీ కాల్చుకుంటూ నా వంక చూసి, "అక్కా, గిది గోడనా, పెండ్లిపిల్ల చెంపనా?" అన్నాడు. రెండు నెలల్లో నేను మనస్ఫూర్తిగా నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ రెండు నెలల్లో అన్నయ్య పెరట్లోకి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి చేతిలో టీ కప్పుతో వచ్చి, "కోళ్ళ షెడ్డా?" అన్నాడు. వంటింటి గుమ్మంలోంచి వదిన నవ్వింది. నేను నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాను, లేకపోతే ఏమనేదాన్నో. రెండోసారి ఒక బల్బు తెచ్చి ఇచ్చాడు. "ఇంట్లో ఎక్కువుంది, పెట్టుకో." థాంక్స్ అన్నయ్యా అన్నాను. అది పక్షం రోజులకి మాడిపోయింది.

మాలో కొత్త గదిలో ప్రార్థన చేయించకుండా పని మొదలుపెట్టరు. నలుగురిని పిలిచి కృతజ్ఞత కూడిక పెడతాం. పాటలు పాడాక ఆ ఇంటివాళ్ళు లేచి, దేవుడు తమకి ఏం చేశాడో చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటాం. ఆ తర్వాత పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, అందరం టీ తాగి వెళతాం. నేను నా సాక్ష్యాన్ని కొలతలు కత్తిరించే బ్రౌన్ పేపరు ముక్క మీద రాసుకున్నాను. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడినదాన్ని కాదు. వాసన చూసి ఏరిన ప్యాలెట్లు, మెలితిరిగిన మేకులు, శాటిన్ ముక్క, అన్నీ వరసగా రాసుకున్నాను. చివర వడ్రంగికి కృతజ్ఞత అని కూడా రాసుకున్నాను.

అక్కడే తప్పు చేశాను. పాస్టరుగారు కొత్తవారు, మా సంఘానికి వచ్చి ఏడాది కాలేదు. ఆయనతో "సాక్ష్యం ఉంటుందండీ" అన్నాను. "నేను చెబుతాను" అనలేదు. మేం ఆడవాళ్ళం అలా అడగం. ఎవరో ఒకరు గమనించి పిలిస్తే లేచి చెబుతాం, పిలవకపోతే కూర్చుంటాం. పాటలయ్యాక పాస్టరుగారు చుట్టూ చూసి, "ఇంటి పెద్ద లేచి సాక్ష్యం చెబుతారు" అన్నారు. అన్నయ్య లేచాడు.

అన్నయ్య సంఘ పెద్ద కూడా. మాట తీరు బాగుంటుంది, గొంతు ఎక్కడ తగ్గించాలో తెలుసు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"నా చెల్లెలు వరండాలో, వానలో తడుస్తూ పని చేసుకుంటుంటే ఒక అన్నగా నా గుండె తట్టుకోలేదు. ప్రభువా, నాకేదైనా దారి చూపించు అని మోకరించాను. ఆయన చూపించాడు. లోకం పారేసిన చెక్కతో, లోకం పారేసిన రాయితో, నా చెల్లెలికి ఒక గూడు కట్టి ఇచ్చే కృప నాకు ఇచ్చాడు."

నేను అతని మొహం వంకే చూస్తున్నాను. అబద్ధం చెబుతున్నట్టు ఎక్కడా లేదు. కన్నీళ్ళు కూడా వచ్చాయి. అది చెబుతున్నంతసేపూ తనే కట్టానని అతను నమ్మాడని నా అనుమానం. దాంతో నాకు ఇంకా ఎక్కువ మండింది. పారేసిన చెక్కట, పారేసిన రాయిట. నేను బ్రౌన్ పేపరు మీద రాసుకున్న సరుకంతా అతని నోట్లోంచి వస్తోంది. రెండు నెలలు పెరట్లో ఏం జరుగుతోందో వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడన్నమాట.

సాక్ష్యం ముగించి "ఆమెన్" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. యాభై ఏళ్ళ అలవాటు, ఎదుటివాళ్ళు ఆ మాట అనగానే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అన్నాక నాకు ఏడుపొచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుందామన్నా ఆగలేదు, అది కోపంతో వచ్చిన ఏడుపు. పక్కనున్న ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుని, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, ఇలాంటి అన్న ఎవరికుంటాడు" అంది. నా కోపాన్ని కూడా అన్నయ్య ఖాతాలోనే వేసేశారు. ఎవరో ఫోటో తీశారు. టీ అయ్యేలోపే ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

వడ్రంగి మా మతం కాదు. పిలిచాను గనక వచ్చి, ఉతికిన చొక్కా వేసుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెళ్ళేముందు సమోసా చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అక్కా, మీ అన్న గీ రెండు నెలలు యాడుండె?"

ఆయన ముందు నాకు కలిగిన సిగ్గు ఇంకెవరి ముందూ కలగలేదు.

ఆ తర్వాత పదిరోజులు గదిలో హాయిగా పనిచేసుకున్నాను. రెండు కిటికీల్లోంచి వెలుతురు సరిగ్గా మెషిన్ మీద పడేది. తెల్ల గుడ్డ తెల్లగా కనిపించేది. అంతకుముందు ఎప్పుడూ నాకంటూ ఒక తలుపు లేదు, దాన్ని మూసుకుని కూర్చోవచ్చని కూడా తెలీదు.

పదకొండో రోజున వదిన ఒక బియ్యం బస్తా తెచ్చి మూల పెట్టింది, వంటింట్లో పురుగు పడుతోందని. సరేలే అనుకున్నాను. తర్వాత అన్నయ్య కొడుకు బైకు వానకి తడుస్తోందని లోపలికి వచ్చింది. బండ మీద ఆయిల్ మరక పడింది. ఆ తర్వాత ఒక శనివారం నేను బట్ట కొనడానికి జనరల్ బజారుకి వెళ్ళి వచ్చేసరికి గదిలో చర్చి వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాని మీదొకటి, నలభై. నా కటింగ్ బల్ల గోడకి నెట్టేసి ఉంది. బల్ల మీద పరిచి పెట్టిన నెట్టు తీసి కుర్చీల మీద పడేశారు.

అన్నయ్య భోజనం చేస్తున్నాడు. నేరుగా వెళ్ళి అడిగాను.

"గదిలో కుర్చీలు ఎవరు పెట్టమన్నారు అన్నయ్యా?"

"సంఘానికి జాగా లేదంటే నేనే చెప్పాను. దేవుడి పని, నీకేం నష్టం? బుధవారాల్లో క్వయర్ ప్రాక్టీసు కూడా అక్కడే పెట్టుకోమన్నాను."

"అది నా గది."

"కాదన్నానా? నీ కోసమేగా కట్టించింది."

"నువ్వు కట్టించలేదు. నేను కట్టుకున్నాను."

అన్నం కలుపుతున్న చేయి ఆగింది. వదిన వంక చూసి, మళ్ళీ నా వంక చూశాడు. కోపం కూడా లేదు ఆ మొహంలో. తెలియని పిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అంతమందిలో నువ్వూ ఆమెన్ అన్నావు కదా. అప్పుడు లేని మాట ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

ఆ ఒక్క మాటతో అతను నా గదికి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. మొదటిసారి ఇల్లు పోయింది సంతకంతో, ఈసారి గది పోతోంది నోటిమాటతో. రెండుసార్లూ నేనే ఇచ్చాను. ఇంక కుట్టుకోవడానికి వరండా తప్ప నాకు ఏమీ మిగలదు, అక్కడ ఇంకో వానకి ఇంకో గౌను తడుస్తుంది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసయినవాళ్ళు చెబుతారు. పాస్టరుగారు "ఇంకెవరైనా ఉన్నారా" అని అడగడం, ఎవరూ లేకపోతే పాటకి వెళ్ళిపోవడం. ఆ ఆదివారం ఆయన అడిగేలోపే లేచి నిలబడ్డాను. బ్రౌన్ పేపరు తీసుకెళ్ళలేదు, నాకు అంతా నోటికి వచ్చు.

"మా పెరటి గది నేను కట్టుకున్నాను" అన్నాను. ప్యాలెట్లు ఎక్కడివో చెప్పాను. వడ్రంగి ఎవరో చెప్పాను. గోరు ఊడిన వేలు ఎత్తి చూపించాను. "మా అన్నయ్య ఒక బల్బు ఇచ్చాడు, అది మాడిపోయింది. ఆ రోజు నేను ఆమెన్ అనకుండా ఉండాల్సింది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట నంబరు చెప్పారు. బయటికి వస్తుంటే, నన్ను ఆ రోజు దగ్గరికి తీసుకున్న ఆంటీ తల తిప్పుకుంది. మంగళవారం చర్చి వాళ్ళు వచ్చి కుర్చీలు తీసుకెళ్ళారు. బైకు కూడా బయటికి వెళ్ళింది. అన్నయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. వదిన మాత్రం వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతున్నట్టు, ఇంటి పరువు తీసిందని రోజూ అంటూనే ఉండేది. అననీ అనుకున్నాను, గది నాకు మిగిలింది.

తర్వాతి నెల మొదటి ఆదివారం అన్నయ్య లేచాడు.

"ప్రభువు నా గర్వాన్ని నా సొంత చెల్లెలి చేత విరగగొట్టించాడు" అన్నాడు. తను చేయని పనికి మెప్పు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. సంఘాన్ని క్షమాపణ అడిగాడు, పాస్టరుగారిని అడిగాడు, మోకాళ్ళ మీద కూర్చుని దేవుణ్ణి అడిగాడు. చర్చిలో ఏడవని ఆడమనిషి లేదు. కప్పు ఎగిరిపోయేట్టు ఆమెన్ అన్నారు. అంత పెద్ద ఆమెన్ మా చర్చిలో నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, నువ్వూ అనమన్నట్టు చూసింది. పళ్ళు గట్టిగా బిగించి కూర్చున్నాను.

అప్పటి నుంచి ఆ సాక్ష్యానికి మంచి పేరు వచ్చింది. వేరే సంఘాలవాళ్ళు కూడా పిలిచి అన్నయ్య చేత చెప్పించుకుంటున్నారు. అందువల్ల ఇప్పుడు నా గది జోలికి రాలేడు, వస్తే ఆ సాక్ష్యం చెల్లదు. నా గదికి ఇవాళ ఉన్న కాపలా అది. అది తలుచుకుంటే చేతిలో కత్తెర ఆగిపోతుంది, ఒళ్ళు మండుతుంది. ఆ సాక్ష్యం విని వచ్చినవాళ్ళేమో, అతను తప్పు ఒప్పుకున్న సంగతి మెచ్చుకుంటారు గానీ, గది ఎవరు కట్టారో మళ్ళీ మర్చిపోతారు. అంత మంచి అన్న కట్టించిన గది ఇదేనా అని గుమ్మంలో నిలబడి అడుగుతారు.

మొన్న పాస్టరుగారు ఇంటికి వచ్చినప్పుడు నన్ను పక్కకి పిలిచారు. "అమ్మా, ఆయన అంతగా విరిగి నలిగి క్షమాపణ అడిగాక కూడా నువ్వు మనసులో పెట్టుకోవడం మంచిది కాదు" అన్నారు.

"ఎవర్ని అడిగాడండీ?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మా వంటింటి గుమ్మం నుంచి నా గది తలుపుకి పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగులూ నడిచి వచ్చి అన్నయ్య నన్ను అడగలేదని ఆయనకి చెప్పాను.

"నేరుగా నిన్ను అడగలేదా?" అన్నారు పాస్టరుగారు, ఆ సంగతి అప్పుడే మొదటిసారి విన్నట్టు.

"ఇంకా లేదండీ" అని చెప్పి మెషిన్ దగ్గరికి వచ్చేశాను.